అధికారం లేని డ్యూటీ: ట్రాఫిక్ వాలంటీర్‌గా నా అనుభవం

ఆఫీసులో నన్ను రేడియం జాకెట్‌లో చూసినవాళ్లు మొదట అడిగేది ఒకటే. "చలాన్ రాసే పవర్ ఉందా నీకు?" లేదు. బండి ఆపి కాగితాలు అడిగే హక్కు లేదు, తాళం తీసుకునే హక్కు అసలే లేదు. ఆ మాట వినగానే కొందరికి ఉత్సాహం చల్లారిపోతుంది. "మరి ఆ దుమ్ములో నిలబడి ఏం లాభం?" అంటారు. లిఫ్ట్ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఇది రాస్తున్నాను. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పనిచేస్తూ చేరదామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకి పనికొస్తే సంతోషం.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఇల్లు నిజాంపేటలో, ఆఫీసు రాయదుర్గంలో. జేఎన్‌టీయూ దగ్గరా, హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ బ్రిడ్జి కిందా ట్రాఫిక్‌లో గంటలు గంటలు కూర్చున్నదాన్ని. అక్కడ కూర్చుని పోలీసుల్ని తిట్టుకోని రోజు లేదు. మా ఆఫీసుకి ఒకసారి ట్రాఫిక్ పోలీసులు అవగాహన కార్యక్రమానికి వచ్చి వాలంటీర్లు కావాలన్నారు. వారానికి ఒకటి రెండు సాయంత్రాలు, రెండేసి గంటలు. జీతం ఉండదు. జాకెట్, టోపీ, విజిల్ వాళ్లే ఇస్తారు. ఆ రోజే ఫారం నింపాను.

సైబరాబాద్‌లో ఈ పద్ధతికి కొంత చరిత్ర ఉంది. పోలీసులూ ఐటీ కంపెనీలూ కలిసి 2006లో సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ అని ఒకటి పెట్టుకున్నారు. ఎస్‌సీఎస్‌సీ అంటే ఇక్కడ చాలామందికి తెలుసు. మహిళా ఉద్యోగుల కోసం షీ షటిల్ బస్సులు నడిపింది, కోవిడ్ సమయంలో ప్లాస్మా దాతల్ని వెతికిపెట్టింది వీళ్లే. ట్రాఫిక్ వాలంటీర్ల ఆలోచన కూడా ఆ దారిలో వచ్చినదే. పోలీసు బలగం ఎంత పెరిగినా ఇక్కడ బండ్లు అంతకంటే వేగంగా పెరుగుతాయి. సైబర్ టవర్స్ 1998లో కట్టినప్పుడు చుట్టూ రాళ్లగుట్టలే. ఇప్పుడు మెట్రో ఉంది, కేబుల్ బ్రిడ్జి ఉంది, ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్ ఉంది, అయినా సాయంత్రం ఆరు దాటితే ఎక్కడివాళ్లు అక్కడే.

శిక్షణ ఒక శనివారం పొద్దున. సగం క్లాసు, సగం పార్కింగ్ స్థలంలో ప్రాక్టీసు. ఎదురుగా వచ్చే బండిని ఆపాలంటే కుడిచెయ్యి నిటారుగా ఎత్తి అరచెయ్యి చూపించాలి. వెనక నుంచి వచ్చేదాన్ని ఆపాలంటే ఎడమచేతిని భుజం ఎత్తులో పక్కకి చాచాలి. వినడానికి తేలిక. నిజంగా బస్సు మీదికి వస్తుంటే చెయ్యి దానంతటదే కిందికి దిగిపోతుంది.

క్లాసు తీసుకున్న ఇన్‌స్పెక్టర్ గారు చెప్పిన మాటలు రాసుకున్నాను. "మీరు పోలీసులు కారు. పోలీసుల్లా మాట్లాడకండి. ఎవరైనా ఎదురుతిరిగితే వాదన పెట్టుకోకుండా ఒక అడుగు వెనక్కి వేసి మావాళ్లని పిలవండి." ఎవరో అడిగారు, కళ్లముందే నేరం జరిగితే పట్టుకోకూడదా అని. దానికి ఆయన ఓపిగ్గా చెప్పారు. కళ్లెదుట తీవ్రమైన నేరం జరిగితే చేసినవాణ్ణి పట్టుకునే హక్కు మామూలు మనిషికి కూడా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 40వ సెక్షన్ అదే. కాకపోతే ఆలస్యం చెయ్యకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల్లోపు, పోలీసులకి అప్పజెప్పాలి. "ఆ హక్కు ఈ రోడ్డు మీద పోయే అందరికీ ఉంది. జాకెట్ వేసుకున్నందుకు మీకు రవ్వంత కూడా పెరగదు" అన్నారు. అప్పుడు నాకు కాస్త నిరాశగానే అనిపించింది. ఇప్పుడైతే ఆ క్లాసులో అంతకంటే ముఖ్యమైన మాట లేదనుకుంటున్నాను.

నన్ను వేసిన పాయింట్‌లో ఒక హోంగార్డు అన్న ఉండేవారు. కల్వకుర్తి వైపు ఊరు, యాభై దాటిన వయసు. అసలు శిక్షణ ఆయన దగ్గర జరిగింది. మొదటి సాయంత్రం నా వైపు కాసేపు చూసి అన్నారు, "మేడం, చెయ్యి సగం లేపితే ఎవ్వడు ఆగడు. లేపితే పూరా లేపాలె. బండిని చూడొద్దు, నడిపేటోని కండ్లల్లకి చూడాలె." అలా చూశాను. ఆగారు. హెల్మెట్ అద్దం వెనకున్న కళ్లలోకి చూసినప్పుడు ఆ మనిషి తానొక గుంపులో లేడని, ఎవరో తనని ప్రత్యేకంగా చూస్తున్నారని గుర్తుపడతాడు. నూటికి తొంభై మంది అక్కడే బ్రేక్ వేస్తారు.

మిగతావాళ్లు ఉంటారు. "ఒక్క నిమిషం పోనీ అక్కా, అర్జెంట్" అనేవాళ్లు, రాంగ్ రూట్‌లో వచ్చి మన మీదే హారన్ కొట్టేవాళ్లు. ఒక కారాయన అద్దం దించి, "నువ్వెవరు నన్ను ఆపడానికి? ఐడీ చూపించు" అన్నాడు. చూపించాను. "సర్, నేను మీలాగే ఆ ఎదురు బిల్డింగ్‌లో ఉద్యోగం చేస్తాను. అటు పక్క ఆడవాళ్లు దాటుతున్నారు, ఇరవై సెకన్లు ఆగండి" అన్నాను. ఆయన మొహంలో కోపం పోలేదు కానీ కారు కదల్లేదు. పోలీసు ఆపితే చలాన్ లెక్క వేసుకుంటారు, ఫోన్ తీసి ఎవరితోనో చెప్పిస్తారు. నాతో బేరం పెట్టుకోవడానికి ఏమీ లేదు, ఎందుకంటే నా చేతిలో ఏమీ లేదు. నేను అడగగలను, అంతే. అడిగిన తీరు బాగుంటే జనం వింటారని ఈ రోడ్డు మీదే నేర్చుకున్నాను.

ఆ దాటుతున్న ఆడవాళ్ల గురించి చెప్పాలి. మెట్రో దిగి అద్దాల బిల్డింగుల్లోకి వెళ్లేవాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లే కాదు, హౌస్‌కీపింగ్ వాళ్లు, క్యాంటీన్ వాళ్లు వందలమంది ఉంటారు. టిఫిన్ సంచీ భుజానికి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, డివైడర్ దాకా వచ్చి ఆగిపోతారు. సిగ్నల్‌తో పని లేకుండా ఎడమకి తిరిగే దారి, అదే ఫ్రీ లెఫ్ట్, ఎప్పుడూ ఖాళీ ఉండదు కాబట్టి వాళ్లకి సిగ్నల్ పడినా దారి దొరకదు. షిఫ్టుకి పది నిమిషాలు లేటైతే కూలి కోసే సూపర్‌వైజర్లు ఉంటారట, ఒకామె చెప్పింది. నేను వెళ్లి ఫ్రీ లెఫ్ట్‌కి అడ్డంగా నిలబడి చెయ్యెత్తితే పదిహేను, ఇరవై మంది ఒక్కసారిగా దాటేస్తారు. పోలీసుల దృష్టి పెద్ద రోడ్డు కదులుతోందా లేదా అన్నదాని మీద ఉంటుంది, ఉండాలి కూడా. నడిచేవాళ్ల మీద దృష్టి పెట్టడానికి ఇంకో మనిషి కావాలి. నా మటుకు వాలంటీర్ అనేవాళ్లు ఉండాల్సిన చోటు అదే.

అంబులెన్స్ వచ్చినప్పుడు జరిగే పని దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. సైరన్ వినపడగానే హోంగార్డు అన్న చెవి అటు తిప్పి, ఏ దిక్కు నుంచో ముందు తేల్చుకుంటారు. బిల్డింగుల మధ్య సౌండ్ మోసం చేస్తుంది, ఎదురుగా ఉన్నట్టు వినిపించేది వెనక నుంచి వస్తుంటుంది. తర్వాత అడ్డరోడ్లు రెండూ ఆపేస్తారు. కానిస్టేబుల్ వైర్‌లెస్ సెట్‌లో తర్వాతి పాయింట్‌కి చెప్తారు. నా పని స్టాప్ లైన్ దగ్గర ముందు వరసలో ఉన్న బండ్లని ముందుకి రప్పించడం. రెడ్ సిగ్నల్ దాటి కదలడానికి వాళ్లు భయపడతారు, కెమెరా కొడుతుందని. "రండి, నేను చెప్తున్నాను, రండి" అని పిలిస్తే కదులుతారు. అంబులెన్స్‌కి దారివ్వకపోతే మోటారు వాహనాల చట్టం ప్రకారం పదివేల జరిమానా ఉంది. కానీ ఆ క్షణంలో నేను చూసినవాళ్లలో జరిమానా గురించి ఆలోచించినవాళ్లు లేరు. దారి ఎటు ఇవ్వాలో తెలియక తికమకపడేవాళ్లే అందరూ.

మా పాయింట్‌కి కాస్త అవతల ఒక రాత్రి డెలివరీ కుర్రాడు బైక్ మీంచి పడ్డాడు. చుట్టూ గుంపు, ఫోన్లలో వీడియోలు. ముట్టుకునేవాళ్లు లేరు. ఒక పెద్దాయన నా చెవిలో అడిగారు, "ఆసుపత్రికి తీసుకెళ్తే రేపు నన్ను కోర్టు చుట్టూ తిప్పుతారా అమ్మా?" ఆ భయం మన ఊళ్లో ఎంత లోతుగా ఉందో ఆ రోజు తెలిసింది. సాయం చేసినవాళ్లని వేధించకూడదని 2016లోనే సుప్రీంకోర్టు మార్గదర్శకాలకి ఆమోదం తెలిపింది. 2019 సవరణతో అది మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్‌గా చేరింది. సాయం చేసినవాళ్లు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. ఇది శిక్షణలో విన్నదే, అక్కడే ఆయనకి చెప్పాను. ఆయనే ఆటో ఆపి, కుర్రాడి తల ఒడిలో పెట్టుకుని వెళ్లారు. యూనిఫాంలో ఉన్నవాళ్లు ఇదే మాట చెప్తే ఆయన అంత తొందరగా నమ్మేవారా అన్నది నాకు అనుమానం. భయం పోలీసుల గురించే అయినప్పుడు, ధైర్యం చెప్పేవాళ్లు పక్కింటి మనిషిలా ఉండాలి.

మా పిన్ని కొడుకు ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటాడు. వారమంతా గోడౌన్‌లో ఉద్యోగం, వారాంతంలో స్పెషల్ కానిస్టేబుల్. వాళ్లది వేరే పద్ధతి. పోలీసు యూనిఫాం, అరెస్టు చేసే అధికారంతో సహా మామూలు కానిస్టేబుల్‌కి ఉన్నవన్నీ ఉంటాయి. జీతం ఉండదు, ఖర్చులు ఇస్తారు. నెలకి పదహారు గంటలైనా చెయ్యాలని ఆశిస్తారు. 1831లో వచ్చిన చట్టంతో దానికి పునాది పడింది. ప్రమాణస్వీకారం, నెలల తరబడి శిక్షణ అయ్యాకే వీధిలోకి పంపుతారు. "అరెస్టు చెయ్యలేకపోతే ఇంకేం వాలంటీర్‌వి అక్కా?" అన్నాడు ఫోన్లో, పాపం మనస్ఫూర్తిగానే. వాడి మాట చాలా రోజులు బుర్రలో తిరిగింది.

మన దగ్గర జనంలోంచి పోలీసుల్ని తీసుకోవడం కొత్తేమీ కాదు. 1861 నాటి పోలీసు చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది, అల్లర్లు వచ్చేలా ఉంటే చుట్టుపక్కలవాళ్లని స్పెషల్ పోలీసులుగా నియమించవచ్చని. కాదంటే యాభై రూపాయల దాకా జరిమానా. అంటే ఇష్టపడి చేసేది కూడా కాదు. తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో చదువు అంతంతమాత్రంగా ఉన్న గిరిజన యువకుల్ని ఎస్పీవోలుగా, అంటే స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా, తీసుకుని, కొద్ది శిక్షణతో తుపాకీ చేతికిచ్చి మావోయిస్టుల మీదికి పంపారు. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఒకటుంది. విపత్తుల్లో జనానికి సాయపడటం, మనుషుల్నీ బండ్లనీ సక్రమంగా నడిపించడం, ఈ రెండు పనులకి మాత్రం అలాంటివాళ్లని వాడుకోవడాన్ని కోర్టు కాదనలేదు. అది చదివాక మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, నేను చేసే పని సరిగ్గా ఆ గీతకి ఇవతల ఉందని. కొద్దిపాటి శిక్షణతో వచ్చిన నాలాంటివాళ్లకి అధికారం ఇవ్వకపోవడమే మంచిది. ఇంగ్లండ్ వాళ్ల పద్ధతి వాళ్లకి సరిపోతుంది, ఎందుకంటే వాళ్లు శిక్షణ కూడా ఆ స్థాయిలోనే ఇస్తారు.

ఇక హోంగార్డు అన్న సంగతి. ఇది రాయకపోతే ఈ అనుభవం సగమే రాసినట్టు. హోంగార్డుల వ్యవస్థ 1946 డిసెంబర్‌లో బొంబాయిలో మొదలైంది, 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా పెరిగింది. కాగితం మీద అది ఇప్పటికీ స్వచ్ఛంద సంస్థే. అంటే ఆయనా వాలంటీరే, నేనూ వాలంటీరునే. నేను రెండు గంటలు నిలబడి ఏసీ ఆఫీసుకి వెళ్లిపోతాను. ఆయన ఉదయం నుంచి అక్కడే. ఆయనకొచ్చేది నెల జీతం కాదు, రోజు లెక్కన డ్యూటీ అలవెన్సు. తెలంగాణలో అది 921 రూపాయలుండేది, 2025 జనవరి నుంచి వెయ్యి చేశారు. డ్యూటీ పడిన రోజుకే డబ్బు. జ్వరం వచ్చిన రోజు గురించి అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఇరవై ఏళ్లకి పైగా ఈ పని చేస్తున్న మనిషిని మనం వాలంటీర్ అనడం న్యాయం కాదు. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

ఆయన పక్కన నిలబడ్డాక తెలిసిన ఇంకో విషయం, మంచినీళ్లు తక్కువ తాగుతారని. దాహం లేక కాదు, వెళ్లడానికి చోటు లేక. పక్కన డ్యూటీ చేసే మహిళా కానిస్టేబుల్ పరిస్థితి ఇంకా కష్టం. ఎండాకాలంలో కూడా గొంతు తడుపుకుని ఊరుకుంటుంది. చుట్టూ ఇరవై అంతస్తుల బిల్డింగులు, ఒక్కోదాంట్లో అంతస్తుకి ఎన్ని వాష్‌రూములో! కానీ యాక్సెస్ కార్డు లేకుండా గేటు దాటనివ్వరు. నేను మా బిల్డింగ్ ఫెసిలిటీ మేనేజర్ దగ్గరికి వెళ్లాను. మొదట సెక్యూరిటీ పాలసీ అన్నారు. పోలీసులకి సెక్యూరిటీ పాలసీ అడ్డురావడం ఏమిటని నేనూ వదల్లేదు. ఇద్దరు ముగ్గురు కొలీగ్స్ కలిసి మెయిల్ పెట్టాం. చివరికి గ్రౌండ్ ఫ్లోర్ వాష్‌రూమ్, లాబీలో వాటర్ డిస్పెన్సర్, ఈ రెండూ పాయింట్ డ్యూటీ వాళ్లకి తెరిచారు. రిసెప్షన్‌లో ఒక రిజిస్టర్‌లో సంతకం చేస్తే చాలు. ఆ కానిస్టేబుల్ నా చెయ్యి పట్టుకుని "థాంక్స్ అక్కా" అంది. చౌరస్తాలో నేను ఆపిన బండ్లన్నీ కలిపినా ఆ పనితో సమానం కావు.

దీన్నే నేను లాభం అంటున్నాను. పోలీసులకి ఇంకో రెండు చేతులు దొరకడం చిన్న విషయం. రోడ్డు మీద ఉన్నవాళ్లకీ అద్దాల లోపల ఉన్నవాళ్లకీ మధ్య మాట నడవడం పెద్ద విషయం. ఒక వానాకాలం సాయంత్రం కుండపోత. ఐకియా దగ్గర నుంచి బయోడైవర్సిటీ దాకా ఒక్క చక్రం కదలడం లేదు, చీలమండ పైదాకా నీళ్లు. పోలీసులు అలాంటి రోజుల్లో అందరూ ఒక్కసారి లాగౌట్ అవ్వకండి, విడతలవారీగా బయల్దేరండి అని ప్రకటనలు పెడుతూనే ఉంటారు. ఆ ప్రకటనలు నేను కూడా చూసి వదిలేసినదాన్నే. ఆ రోజు మాత్రం నీళ్లలో నిలబడి ఫొటో తీసి మా ఆఫీసు గ్రూపులో పెట్టాను, "ఎనిమిదిన్నర దాకా క్యాంటీన్‌లో కూర్చోండి, ఇప్పుడు దిగితే ఇక్కడే ఇరుక్కుంటారు" అని. మా ఫ్లోర్ దాదాపుగా ఆగిపోయింది. పక్క కంపెనీల వాలంటీర్లు కూడా తమ గ్రూపుల్లో అలాగే పెట్టారు. తొమ్మిదికల్లా రోడ్డు మెల్లగా కదిలింది. వాన తగ్గడం వల్ల కొంత, మేము ఆపడం వల్ల కొంత. మా వంతు ఎంతో తేల్చలేను, కానీ హోంగార్డు అన్న "ఇయ్యాల మీ ఆఫీసోళ్లు మంచిగ ఇన్నరు మేడం" అన్నారు. అది చాలు.

వినాయక నిమజ్జనానికి కూకట్‌పల్లి ఐడీఎల్ చెరువు దగ్గర బందోబస్తుకి కూడా వెళ్లాను. అక్కడ మా పని తప్పిపోయిన పిల్లల్ని హెల్ప్ డెస్క్ దాకా తీసుకురావడం, పెద్దవాళ్లని నీళ్ల అంచుకి వెళ్లకుండా చూడటం. రాత్రంతా డీజే హోరు, పొద్దునకి చెవులు దిబ్బడ. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్లని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నప్పుడు వాళ్లు చౌరస్తాలో చెయ్యెత్తి బండ్లు ఆపుతుంటే చూశాను. అదే సిగ్నల్ దగ్గర నిన్నటిదాకా మొహం తిప్పుకున్న జనం ఇవాళ వాళ్ల చెయ్యి చూసి ఆగుతున్నారు. పోలీసు పనిలోకి రకరకాల మనుషులు రావాలన్న నా నమ్మకం ఇంకా బలపడింది.

చేరాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. గొంతు, చెవులు రెండూ దెబ్బతింటాయి, మంచి మాస్కు, మందపాటి అడుగున్న బూట్లు సొంతంగా కొనుక్కోండి. డ్యూటీలో దెబ్బ తగిలితే ఖర్చు ఎవరు భరిస్తారో, ఇన్సూరెన్స్ ఉందో లేదో చేరేముందే రాతపూర్వకంగా అడగండి. మొహమాటపడొద్దు. మేనేజర్ "కంపెనీ తరఫున గర్వంగా ఉంది" అని ఫొటో పెట్టి, ఆ సాయంత్రమే మీటింగ్ పెట్టే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ రెండు గంటలూ క్యాలెండర్‌లో ముందే బ్లాక్ చేయించుకోండి. ఎవరైనా ఆడపిల్ల మీ జాకెట్ చూసి దగ్గరికొచ్చి ఎవడో వెంటపడుతున్నాడని చెప్తే, వాడి వెంట మీరు పరిగెత్తకండి. ఆమెని పక్కన నిలబెట్టుకుని షీ టీమ్‌కో, 100కో ఫోన్ చెయ్యండి, వాళ్లు వచ్చేదాకా అక్కడే ఉండండి.

పాయింట్‌లో ఉన్న హోంగార్డుకి ఏం కావాలో మొదటి రోజే అడగండి. మా దగ్గర ఇప్పుడు అడుగుతున్నది నీడ. మధ్యాహ్నం డ్యూటీ వాళ్లకి డివైడర్ మీద చిన్న గొడుగు స్టాండ్ పెట్టించాలని ట్రాఫిక్ స్టేషన్‌కీ, ఎదురు బిల్డింగ్ అడ్మిన్‌కీ ఉత్తరాలిచ్చాం. స్టేషన్ వాళ్లు సరేనన్నారు. అడ్మిన్ నుంచి జవాబు రావాలి, సోమవారం మళ్లీ వెళ్తున్నాను.